సర్దుబాటు

“సర్దుకొని పొమ్ము” అనునది మన యిండ్లలో మిక్కిలి తఱచుగా వినబడు నుపదేశము. అత్తవారింటికి వెడలు కూతునకు తల్లి చెప్పునది యిదియే. క్రొత్తగా నుద్యోగమున బ్రవేశించిన కుమారునకు తండ్రి చెప్పునది యిదియే. అన్నదమ్ములు పంపకములకు దిగినప్పుడు పెద్దమనుష్యులు చెప్పునదియు నిదియే. చెప్పువారి కిందువలన నష్టమేమియు లేదు, నష్టము వినువారిది. అయినను దీనిని మనము నీతివాక్యముగా నెంచుచున్నామే కాని, ఎవరు దేనికి సర్దుకొనవలెను, ఎంతవఱకు సర్దుకొనవలెను, సర్దుకొన్న పిమ్మట నేర్పడిన స్థితి మంచిదని యెట్లు తెలియును అని విచారించుట లేదు. ఇరువురు మనుష్యులు రాపిడి లేక యొకచోట నిమిడి యుండిరేని అచ్చట ధర్మము నెలకొన్నదని చెప్పవచ్చునా? ఇదియే నేనిప్పుడు చదువరుల యెదుట బెట్టదలచిన ప్రశ్న.

నేను పాతికేండ్లుగా బడిపిల్లలకు సంస్కృతమును ఇంగ్లీషును బోధించుచున్నవాడను. ఇట్టి ప్రశ్నలకు సమాధానములను ధర్మశాస్త్రములందును పాశ్చాత్యుల నీతిగ్రంథములందును వెదకుట నాకలవాటు. కాని యీ ప్రశ్నకు నాకు దొరకిన సమాధానము పుస్తకములోనిది కాదు. మా పెరటి వసారాలో నున్న యొక చిన్న లేతు మిషనును సవరించుకొనుచు, దాని కొక చక్కును అమర్చుకొనుచు నేను పడిన పాట్లలోనుండి యది లభించినది. ఇనుప సామానుతో నీతిశాస్త్రమున కేమి పని యని చదువరులు నవ్వవచ్చును. కొంచెము ఓర్పుతో వినుడని ప్రార్థించుచున్నాను.

లేతనగా నేమో యెఱుగనివారికై రెండు మాటలు చెప్పవలెను. కుమ్మరి సారె మట్టిని త్రిప్పును. తరిమెన కఱ్ఱను త్రిప్పును. ఏటికొప్పాక పనివారు అంకుడు కఱ్ఱను తరిమెనకు బిగించి, తిరుగుచున్న కఱ్ఱను ఉలితో చెక్కి, దానికి రంగులక్క నద్దుట మనలో ననేకులు చూచియుందురు. ఇనుమును ఇత్తడిని అట్లే త్రిప్పి చెక్కునది లేతు. దాని యడుగున బెడ్ అనబడు పోత యినుప దూలము. ఒక చివర పనిని పట్టి త్రిప్పు స్పిండిలు. రెండవ చివర టెయిల్‌స్టాకు. నడుమ ఉలిని మోసికొని బెడ్ వెంట జరుగు క్యారేజి. కఱ్ఱ తరిమెన నొద్ద ఉలి పనివాని చేతిలో నుండును. ఇనుప లేతునం దది క్యారేజికి బిగింపబడి యుండును. కనుక పని యొక్క నిక్కము పనివాని చేతి నేర్పుకంటె యంత్రము యొక్క నిక్కమునే యెక్కువగా నాశ్రయించి యుండును. 1800 ప్రాంతమున లండను నగరమందు హెన్రీ మాడ్‌స్లే (1771–1831) మరలు కోయు లేతును తీర్చిదిద్దిన నాటినుండి యంత్రములను చేయు యంత్రమునకు లోకమున గౌరవము కలిగినది. యంత్రము వంకరయైనచో దానిపై చేసినదెల్ల వంకర యగును. కావున లేతును కొనుట యొక పని. దానిని సవరించుకొనుట వేఱొక పని.

బడిపిల్లలకు జూపుటకై ఆవిరి యంత్రముల చిన్న నమూనాలు చేయవలెనను కోరికతో రెండేండ్ల క్రిందట విజయవాడ ఆటోనగరులో నొక పాత లేతును కొంటిని. ఇరువురు మనుష్యులు మోసికొని రాగలిగినంత చిన్నది. దానిని వసారాలోని టేకు బల్లపై నిలిపి నాలుగు బోల్టులతో బిగించితిని. ఎంత బలముగా బిగించిన నంత మంచిదని నా తలంపు. పిమ్మట నొక కడ్డీని చెక్కి చూడగా ఒక చివర నొక కొలతయు రెండవ చివర నింకొక కొలతయు వచ్చినవి. కడ్డీ గుండ్రముగానే యున్నది గాని, చెఱకు గడవలె నొక వైపునకు సన్నగిలినది. అమ్మినవాడు నన్ను మోసగించెనని తలంచితిని.

మా వీధి చివర నొక వృద్ధుడు కలడు. ముప్పదియేండ్లు టర్నరు పని చేసి విశ్రాంతి తీసికొనుచున్నవాడు. ఆయనను బిలిచి చూపితిని. ఆయన బల్ల క్రింద వంగి చూచి, బోల్టులన్నియు వదులుచేసి, బెడ్ కాళ్ళ క్రింద పలుచని రేకు నొకదానిని దూర్చి చూచి, “మాస్టారూ, మిషను వంకర కాదు. మీ బల్ల వంకర. వంకర బల్లకి బిగించి దీన్ని మెలి తిప్పారు,” అనెను. పోత యినుప దూలము మెలిదిరుగునా యని నేనాశ్చర్యపడితిని. తిరుగును. చేతికి తెలియదు, కంటికి తెలియదు, పనిలో తెలియును.

దానికి పరీక్ష మిక్కిలి సులభము. బొటనవ్రేలంత లావు కడ్డీని స్పిండిలు వైపున మాత్రమే పట్టించి, రెండవ చివర నే యాధారమును లేక వదలి, జానెడు ఎడముగా రెండు పట్టీలను మిగిల్చి నడుమ భాగమును తగ్గింపవలెను. పిమ్మట ఉలిని కదలింపక ఒకే సన్నని కోతతో ఆ రెండు పట్టీలను వరుసగా చెక్కి మైక్రోమీటరుతో కొలువవలెను. రెండును సమమైనచో బెడ్ మెలి లేక యున్నది. దూరపు పట్టీ లావుగా నున్నచో ఆ చివర ముందరి కాలి క్రింద పలుచని ఇత్తడి రేకును పెట్టి, బోల్టు బిగించి, మరల చెక్కి, మరల కొలువవలెను. మాకు మూడు సాయంకాలములు పట్టినవి.

రసమట్టము పెట్టి మట్టము చూచినచో చాలదా యని యడిగితిని. అందుల కాయన నవ్వి, ఓడలలో గూడ లేతులుండునని చెప్పెను. అలలపై నూగు నోడకు మట్టమెక్కడిది? లేతు నేలకు సమముగా నుండుట ప్రధానము గాదు. తనలో తాను మెలి లేక యుండుట ప్రధానము. నిక్కమైన వస్తువును వంకర పీటకు బిగించి, బిగిసినది గదా యని సంతసించుట నా మొదటి తప్పు. బిగువునకును నిలకడకును గల భేదమును నేనెఱుగకుంటిని.

రెండవ తప్పు ఇంతకంటె పెద్దది. లేతు కుదురుకొన్న పిమ్మట దానికి మూడు దవడల చక్కు నొకదానిని కొంటిని. చక్కు తనంతట తాను స్పిండిలుపై గూర్చుండదు. ఈ రెంటి నడుమ బ్యాక్ ప్లేటను పోత యినుప బిళ్ళ యుండవలెను. దాని వెనుక ప్రక్కనున్న మర స్పిండిలు ముక్కుకు సరిపోవలెను. ముందు ప్రక్కనున్న మెట్టు చక్కు వెనుకటి గుంటలో వెంట్రుకవాసి యెడము లేక దూరవలెను. ఈ మెట్టును మఱియొక లేతుపై చెక్కించి తెచ్చినచో కుదురదు. బిళ్ళ యే స్పిండిలుపై నుండబోవునో ఆ స్పిండిలుపైననే దానిని బిగించి చెక్కవలెను. కొంచెము చెక్కి, చక్కును తెచ్చి తొడిగి చూచి, మరల కొంచెము చెక్కవలెను. తొందరపడి యొక్క గీటు ఎక్కువ తీసినచో తీసిన లోహము మరల రాదు. ఇదంతయు నేను జాగ్రత్తగనే చేసితిని. పిమ్మట బోల్టులకు రంధ్రములు తొలుచుటకై బిళ్ళను ఊడదీసి, తొలిచి, మరల బిగించి, దానికి చక్కు నమర్చితిని.

చక్కులో నున్నని కడ్డీని పట్టించి, డయల్ గేజి నానించి త్రిప్పగా ముల్లు మిల్లీమీటరులో ఇరువది నూఱవ వంతులు ఊగినది. సామాన్యమైన మూడు దవడల చక్కున ఐదు మొదలు పది నూఱవ వంతుల తేడా యుండుట కలదు, దానిని సహింపవచ్చును. ఇరువది సహింపరానిది. చక్కు చెడ్డదని నిశ్చయించితిని. అమ్మినవానితో జగడమాడి, దానిని త్రిప్పి పంపి, రెండవదానిని తెప్పించితిని. రెండవదియు నట్లే యూగినది! ఈ కాలమున మంచి సరకు దొరకదని యింటిల్లిపాదికిని వినబడునట్లు విసుగుకొంటిని.

మరల ఆ వృద్ధుడే వచ్చెను. “చక్కుది తప్పని ఎవరు చెప్పారు మాస్టారూ? స్పిండిలు మీద డయలు పెట్టి చూశారా?” అని యడిగెను. చూడలేదు. చక్కును విప్పి స్పిండిలు ముక్కుపై ముల్లు నానించి త్రిప్పితిమి. ముల్లు కదలలేదు. బిళ్ళపై నానించితిమి. ఊగినది. బిళ్ళను ఊడదీసి చూడగా స్పిండిలు భుజమున నువ్వుగింజలో పదవవంతు లేని యినుప రజను పలుకొకటి చిక్కుకొని యున్నది. మర బిళ్ళను లాగి బిగించునే గాని నిటారుగ నిలుపజాలదు. నిలుపునది ఆ భుజము. బిళ్ళను మరల బిగించునప్పుడు ఆ భుజమును గుడ్డతో తుడువనివాడను నేను. గుడ్డ నా చేతికందునంత దూరములోనే యుండెను. తుడిచి బిగించి చూడగా తేడా నాలుగు నూఱవ వంతులకు దిగినది. నేను నిందించి త్రిప్పి పంపిన మొదటి చక్కునకు ఏ దోషమును లేకపోయి యుండును.

ఆలోచించి చూడగా నాకు సిగ్గు కలిగినది. పరీక్ష మొదటినుండి చివరకు సాగవలసి యుండగా నేను చివరనే యారంభించి చివరనే తీర్పు చెప్పితిని. క్రొత్తగా వచ్చినది చక్కు గనుక తప్పు చక్కుదని తోచినది. అంతవఱకు నున్నవన్నియు నాకు అలవాటైనవి. అలవాటైనదానిని పరీక్షింపవలెనని యెవరికిని దోచదు. కోడలు వచ్చిన పిమ్మట ఇంటిలో నేదేని యపశ్రుతి వినబడినచో మనము డయలును ఎక్కడ నానించుచున్నామో చదువరులే చెప్పుదురు గాక.

ఇంతవఱకు చెప్పినది, సర్దుకొమ్మని యితరులకు చెప్పుటకు ముందు తన్ను తాను పరీక్షించుకొనవలెనని మాత్రమే. ఇది మంచి మాటయే గాని క్రొత్త మాట గాదు. నన్ను నిజముగా గలవరపెట్టినది దీని తరువాతిది.

సమతలమైన పలక యంత్రనిర్మాణమున కెల్ల మూలము. బెడ్ నిక్కమో కాదో చూచుటకు నిక్కమైన పలక కావలెను. ఆ పలక నిక్కమని చూచుటకు మఱియొక నిక్కమైన పలక కావలెను. మొదటి పలక ఎక్కడినుండి వచ్చును? దీనికి మాడ్‌స్లే కార్ఖానాలో పని నేర్చిన జోసెఫ్ విట్‌వర్త్ (1803–1887) స్పష్టమైన మార్గమును జూపెను. 1840లో గ్లాస్గో నగరమున జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభయం దాయన దీనిని వివరించెను. ఒక పలకకు పలుచగా రంగు పూసి రెండవదానిపై నానించి కదల్చినచో మిట్టలున్నచోట రంగంటును. ఆ మిట్టలను గోకివేయవలెను. ఇట్లు మాటిమాటికి చేసినచో రెండు పలకలును ఒకదానికొకటి పూర్తిగా నానుకొనును, ఎచ్చటను ఎడముండదు. అప్పుడవి రెండును సమతలము లైనవని చెప్పవచ్చునా?

చెప్పరాదు. ఒకటి ఉబ్బియు రెండవది అంతమేరకు గుంటవడియు నున్నను అవి యట్లే యానుకొనును. ఉబ్బినది ఉబ్బియే యుండును. రెండవది తనలో గుంట చేసికొని దానిని ఇముడ్చుకొనును. చూచువారికి నిర్దోషమైన కూడిక. రంగు అంతటను సమముగా నంటును. కాబట్టి మూడవ పలక కావలెను. రెండవదానితో మూడవదానిని సరిపఱచి, దానిని తెచ్చి మొదటిదానిపై నానింపవలెను. గుంటపడిన రెండవదానితో సరిపడిన మూడవదియు నుబ్బియే యుండును గనుక, ఉబ్బిన రెండును ఒకదానిపై నొకటి నిలువక తిరుగుడుపడును, దోషము బయలగును. మూడు పలకలలో ఏ రెంటిని చేర్చినను సరిపోవునప్పుడు మాత్రమే మూడును సమతలములని చెప్పవచ్చును.

ఈ విషయమును చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. దానికి నెల దినముల ముందు మా పెద్దమ్మాయి అత్తవారింటినుండి ఫోనులో మాటలాడినది. ఉద్యోగములో పై పదవికి పరీక్ష నెగ్గినది. ఏడాది వేఱొక యూర శిక్షణకు బోవలెను. అత్తవారింట నిష్టపడలేదు. నన్నడుగగా, “సర్దుకో తల్లీ, కొత్త సంసారం,” అంటిని. వారము గడచిన పిమ్మట మరల మాటలాడి, “వదులుకున్నాను నాన్నా. ఇప్పుడింట్లో ఏ గొడవా లేదు,” అనినది. నేను మిక్కిలి సంతసించి బుద్ధిమంతురాలవని మెచ్చుకొంటిని. రంగు అంతటను సమముగా నంటినది గదా! ఆ యింటిలో నెవరు ఉబ్బిరో, ఎవరు గుంటపడిరో నేనడుగలేదు.

కూతురి యింటినుండి నా తలంపు నా యింటిమీదికి వచ్చినది. మా యింట పాతికేండ్లుగా గట్టిగా మాట వినబడలేదని నేను స్నేహితులతో చెప్పుకొను వాడుక కలదు. పెండ్లియైన క్రొత్తలో మా యింటిది బి.ఏ. పరీక్షకు కట్టుదునని యడిగినది. పిల్లలు కొంచెము ఎదిగిన పిమ్మట చూతమంటిని. ఆమె మరల నడుగలేదు. అడుగకపోవుటను నేను సమ్మతి యనుకొంటిని. మా దాంపత్యమునకు భూషణమనుకొంటిని. ఊరి పిల్లలకందఱకు చదువు చెప్పిన చేయి నాది.

ఒకరి కొకరు ఒదుగనిచో సంసార మెట్లు సాగునని చదువరులడుగవచ్చును. ఒదుగుట తప్పని నేననుట లేదు. బ్యాక్ ప్లేటు కథ మరల తలంపునకు తెచ్చుకొనుడు. స్పిండిలును చెక్కలేదు, చక్కును చెక్కలేదు. చెక్కుటకై తెచ్చిన బిళ్ళను చెక్కితిమి. ఇంటిలో నట్టి బిళ్ళలనేకములు కలవు. వంట వేళలు, పండుగల పద్ధతులు, ఎవరి యూర నుండవలెను, ఏ ఖర్చు ముందు, ఏది వెనుక అనునవి యెల్ల చెక్కదగినవి. మనిషి యొక్క చదువు, ఆత్మగౌరవము, తనకు తోచినది నోరు విప్పి చెప్పు స్వేచ్ఛ అనునవి స్పిండిలు వంటివి. వీనిని చెక్కి చేసిన కూడిక యెంత నున్ననిదైనను కూడిక గాదు. క్యారేజి జాఱుటకు వేసిన జిబ్ బద్దను వదులుగా నుంచినచో ఉలి యదరును. మితిమీరి బిగించినచో క్యారేజి కదలదు, దారులు అరుగును. నూనె పొర నిలుచునంత యెడము కావలెను. ఆ యెడమును ద్వేషముగా నెంచు కుటుంబములు నేటికిని కలవు.

అట్లయిన మూడవ పలక యేది? మాడ్‌స్లే కార్ఖానాలో నొక కొలతయంత్రముండెడిది. కొలతల విషయమున తగవు వచ్చినచో తుది తీర్పు దానిదే గనుక దానికి లార్డ్ ఛాన్సలరని పేరు పెట్టిరి. సంసారమునకు అట్టి సాక్షి, ఆ యిరువురిలో నెవరును తమకు తాముగా తయారుచేసికొననిదై యుండవలెను. ఆలుమగల నడుమ చట్టమెందుకని కొందఱు పెద్దలు విసుగుకొందురు. 1961లో వరకట్న నిషేధ చట్టమును, 2005లో గృహహింస నుండి స్త్రీలను రక్షించు చట్టమును వచ్చినది రెండు పలకల సాక్ష్యము చాలకపోవుటచేతనే. అంతదాక పోనక్కఱలేని యిండ్లలో సాక్షి యొక చిన్న ప్రశ్న: “ఈ మాటనే నా కుమారునకు చెప్పియుందునా?” మా యబ్బాయి యీ పరీక్షయే నెగ్గి, యీ శిక్షణకే పోవలసి వచ్చినచో, సంసారము క్రొత్తదని నేను వానిని వదలుకొమ్మని చెప్పియుందునా? చెప్పియుండను. ఆ ప్రశ్న నానినంతనే నా యుపదేశము తిరుగుడుపడినది.

మఱునాడు కూతునకు ఫోను చేసి నా మాటను వెనుకకు తీసికొంటిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “ఆ పరీక్ష వచ్చే ఏడు కూడా ఉంటుంది నాన్నా. మీరొకసారి వచ్చి మా మామయ్యగారితో మాట్లాడతారా?” అనినది. మేమిరువురము పోయి మాటలాడితిమి. వియ్యంకులు మర్యాదగా విన్నారు. ఇంకను ఏమియు తేల్చలేదు. వచ్చు ఏటికి తేలునని యాశ.

తిరుగు ప్రయాణమున రైలులో నా భార్య నడిగితిని, పాతికేండ్ల క్రింద మానిపించిన ప్రశ్నను నేనే యడిగితిని. ఆమె కిటికీవైపు చూచుచు, “ఇవాళ అడిగారు కదా. రేపు కూడా అడగండి, అప్పుడు చెబుతాను,” అనినది. ఆ మాట నాకప్పుడు కష్టముగా తోచినను, న్యాయమైనదని పిమ్మట తెలిసికొంటిని. టేకు బల్ల వానకాలమున నుబ్బును, వేసవిలో బిగియును. బెడ్ క్రింద పెట్టిన ఇత్తడి రేకులు నిన్న సరిపోయినవి గదా యని నేటికి నమ్మరాదు. అందుచే ఏటేట రెండు పట్టీలు చెక్కి కొలుచుకొనుచున్నాను. మఱునాడు ఉదయమున కాఫీ త్రాగుచు మరల నడిగితిని. ఈ సంవత్సరము దూరవిద్యలో బి.ఏ.కు దరఖాస్తు పెట్టినాము. సాయంకాలములందు సంస్కృతము నేను చెప్పుచున్నాను. ఆమెకు నేను చెప్పు తీరు వేగముగా నున్నదట; మొదటి దినముననే ఆ మాట గట్టిగా చెప్పినది.